కరెంటెల్లిపోయేలోగా సేవ్ కొట్టు

వేసవి సెలవులు. మధ్యాహ్నం మూడు. విజయనగరంలో మూడు లాంతర్ల పక్క సందుల్లోనైనా, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షను వెనకాలైనా ఒకే కేక నాలుగైదు ఇళ్లలోంచి ఒక్కసారే లేచేది: “కరెంటెల్లిపోనాదిరా!” ఫ్యాను ఆగిపోయిందని పెద్దవాళ్ల గోల. పిల్ల గుంటల గోల వేరు. ఇప్పటిదాకా టీవీలో గెంతుతున్న మనిషి ఏమైపోయినట్టు? కరెంటు తిరిగొచ్చాక ఉన్నచోటే ఉంటాడా, మళ్లీ అడవి మొదట్లోంచి పరుగెత్తాలా?

1990లలోనూ, ఆ తర్వాతి పదేళ్లలోనూ మన రెండు ఊళ్లలో ఆడిన యాక్షన్ అడ్వెంచర్ ఆటల్ని బొమ్మల కోసమో, సంగీతం కోసమో తలుచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఇక్కడ ఆటకి అసలు పరీక్ష అది కాదు. ఆపేస్తే గుర్తుపెట్టుకుంటుందా, లేదా? కరెంటు కోతలు, గంట లెక్కన అద్దె, ఒకే కంప్యూటరు మీద పదిమంది చేతులు. వీటి మధ్య ఒక ఆటను చివరిదాకా తీసుకెళ్లడమంటే సగం కత్తిసాము, సగం దాచుకునే నేర్పు. అందుకే ఈ జ్ఞాపకాలు ఆటల జ్ఞాపకశక్తి చుట్టూనే తిరుగుతాయి.

ఈ జాతి ఆటలకి మూలపురుషుడని చాలామంది చెప్పేది అటారీ 2600 అనే పాత గేమ్ డబ్బా మీది ‘అడ్వెంచర్’ (1980). దానికే జ్ఞాపకం లేదు. కోటలు, డ్రాగన్లు, తాళంచెవులు అన్నీ 4 కిలోబైట్లలో కుక్కాడు వారెన్ రాబినెట్. తన పేరును కూడా ఒక రహస్య గదిలో దాచుకున్నాడు. ఆడేవాడి చోటు దాచడానికి మాత్రం అందులో జాగా లేదు.

మన దగ్గరికి వచ్చింది అటారీ కాదు. శామురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ అంటూ డబ్బా మీద పేరు ఏదున్నా, లోపల ఉన్నది 1983లో జపానులో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ నమూనాయే. అందుకే ఒక ఇంటి క్యాసెట్ ఇంకో ఇంటి డబ్బాలో పట్టేది. అన్నింటికీ 60 పిన్నులే. ఇంట్లో దాన్ని కన్సోల్ అని ఎవరూ అనలేదు. అది ‘వీడియో గేమ్’, చేతిలోది ‘రిమోట్’, పైన గుచ్చేది ‘క్యాసెట్’.

తగిలించడమే ఒక విద్య. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి స్విచ్ బాక్సు పెట్టాలి. దాన్ని గేమ్ వైపుకి నెట్టాలి. టీవీలో ఎవరూ చూడని నంబరు ఒకటి ఎంచుకుని, వీహెచ్‌ఎఫ్ బ్యాండులో మెల్లగా ట్యూన్ చేయాలి. బొమ్మ కనిపించగానే ఆపేయడం అందరూ చేసే పొరపాటు. బొమ్మ వచ్చినా శబ్దంలో గుయ్యిమనే మోత ఉంటే ఇంకాస్త ముందుకి తిప్పాలి. బొమ్మ, శబ్దం రెండూ శుభ్రపడే చోటు సన్నగా ఉంటుంది. దూరదర్శన్ వచ్చే చోటికి దగ్గరగా పడితే తెర మీద ఏటవాలు గీతలు పాకేవి. అప్పుడు డబ్బా వెనక ఉన్న 3, 4 ఛానెళ్ల మీటను రెండోవైపుకి మార్చి, మొదటినుంచి ట్యూన్ చేసుకోవడమే. బొమ్మ వచ్చి రంగులు రాకపోతే తప్పు క్యాసెట్‌ది కాదు. డబ్బా ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల పద్ధతిలో పంపుతోంది, టీవీకి పాల్ అనే ఇంకో పద్ధతి ఒక్కటే తెలుసు. ఆ టీవీ మీద ఎన్ని చెవులు మెలిపెట్టినా మారియో నలుపు తెలుపుల్లోనే గెంతుతాడు.

ఇక ఎలిమినేటర్, అంటే ఇంటి కరెంటుని డబ్బాకి సరిపడా దించే అడాప్టరు. గేమ్ ఆడుతుండగా దానంతటదే మొదటికొచ్చేస్తోందంటే చాలా ఇళ్లలో క్యాసెట్‌ని తిట్టేవారు. దొంగ ఎలిమినేటరే. డబ్బా లోపలి చిప్పులకి కావలసింది 5 వోల్టులు. ఎలిమినేటర్ ఇచ్చే 9 వోల్టులని 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ 5కి దించుతుంది. అది నిలబడాలంటే లోపలికి వచ్చేది కనీసం 7 వోల్టులు ఉండాలి. సాయంత్రం వీధంతా లైట్లు వేసి, మోటార్లు ఆన్ చేసే వేళకి 230 ఉండాల్సిన కరెంటు 160కి జారితే ఎలిమినేటర్ 9 కాస్తా 6 చిల్లరకి దిగిపోతుంది. టీవీకి స్టెబిలైజర్ ఉంది కాబట్టి బొమ్మ బాగానే ఉంటుంది, ఆట మాత్రం బిగుసుకుపోతుంది. మందు చాలా సులువు: ఎలిమినేటర్‌ని కూడా టీవీ స్టెబిలైజర్‌లోనే గుచ్చడం. అది చెప్పేవాళ్లు లేక ఎన్ని మంచి క్యాసెట్లు చెత్తలోకి పోయాయో!

కాలిన ఎలిమినేటర్‌కి బదులు కొత్తది కొనేటప్పుడు వోల్టులొక్కటే చూస్తే చాలదు. అసలు ఫ్యామికామ్ పిన్నులో మధ్యది నెగటివ్, బయటిది పాజిటివ్. మన ఇళ్లలో టేప్‌రికార్డరు, రేడియో ఎలిమినేటర్లు చాలావాటిలో ఇది తిరగేసి ఉంటుంది. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని గుచ్చితే, లోపల అడ్డు డయోడు లేని డబ్బా అక్కడితో సరి. డబ్బా అడుగున, ఎలిమినేటర్ మీద ఉన్న సున్నా లాంటి చిన్న బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండింటి మీదా ఆ బొమ్మ లేకపోతే మీటరు పెట్టకుండా గుచ్చొద్దు.

క్యాసెట్‌లో ఊదడం గురించి ఒక మాట. నోటితో ఉఫ్ మని ఊది గుచ్చితే పనిచేసింది కాబట్టి ఊదడమే మంత్రమని రెండు తరాలు నమ్మాయి. పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ గుచ్చడం. ఆ రాపిడికి పిన్నుల మీది పొర గీరుకుపోయి లోహానికి లోహం తగులుతుంది. ఊపిరిలోని తేమ మాత్రం అక్కడే ఉండిపోతుంది. కళింగపట్నం, భోగాపురం వైపు ఇళ్లలో ఇది ఇంకా కీడు. అక్కడి గాలిలో ఉప్పే రాగిని తినేస్తుంది, మన ఊపిరి దానికి తోడు. ఏడాది తిరిగేసరికి పిన్నుల మీద పచ్చటి చిలుము. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది గానీ పైపూత కూడా పోతుంది. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ చుక్క దూదికి అద్ది, పిన్నుల పొడవునా ఒకే దిశలో తుడిచి, ఐదు నిమిషాలు ఆరనివ్వడం మేలు. రిమోట్ బటన్లు మొద్దుబారినా అదే స్పిరిట్: నాలుగు స్క్రూలు విప్పి, రబ్బరు అడుగున నల్లటి గుండ్రాలని, వాటికి ఎదురుగా ఉన్న సర్క్యూట్ పలకని తుడవాలి. గుండ్రం అరిగిపోయి ఉంటే పెన్సిలు ముల్లుతో నల్లగా రుద్దేవారు. ములుకులో ఉన్న గ్రాఫైటుకి కరెంటు పారుతుంది కాబట్టి కొన్ని వారాలు బండి నడిచేది.

ఆ డబ్బాకి సేవ్ లేదు. కానీ పూర్తిగా మతిమరుపు మనిషని కూడా అనలేం. ‘సూపర్ మారియో బ్రదర్స్’ (1985)లో ఆట అయిపోయి టైటిల్ తెరకి వచ్చాక ‘ఏ’ (A) అనే బటన్ నొక్కి పట్టుకునే స్టార్ట్ నొక్కితే చనిపోయిన ప్రపంచం మొదటినుంచి మొదలవుతుంది. ఏడో ప్రపంచంలో పోయినవాడు ఏడో ప్రపంచంలోనే లేస్తాడు. డబ్బాలో ఉన్న 2 కిలోబైట్ల ర్యామ్‌లో ఒక మూల ఆ అంకె మిగిలి ఉంటుంది. రీసెట్ నొక్కినా చెరగదు, కరెంటు పోతే చెరిగిపోతుంది. ఈ చిట్కా తెలియక ప్రతిసారీ మొదటి ఇటుక నుంచి బయల్దేరినవాళ్లే ఎక్కువ. ‘అడ్వెంచర్ ఐలాండ్’ (1986) మరీ గుంభనం. 8 ఏరియాలు, ఏరియాకి 4 రౌండ్లు, మొత్తం 32. మొట్టమొదటి రౌండు చివర్లో దాక్కున్న తేనెటీగ దొరికితేనే కంటిన్యూ హక్కు. అది పట్టినవాడు ఆట అయిపోయాక దిశ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఉన్న ఏరియా నుంచే లేస్తాడు. పట్టనివాడు మళ్లీ మొదటి రౌండుకే.

‘కాంట్రా’ని అడ్వెంచర్ అనడం పండితులకి నచ్చదు, అది ఉత్త కాల్పుల ఆట అంటారు. సరే, పండితుల్ని అలా ఉంచుదాం. 8 స్టేజీలు, 3 లైఫ్‌లు, సేవ్ లేదు. పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ అని టైటిల్ తెర మీద కొట్టి, ఇద్దరైతే సెలెక్ట్ ఒకసారి, ఆపై స్టార్ట్. 30 లైఫ్‌లు. కాంట్రా తీసిన కోనామి కంపెనీలో కజుహిసా హషిమొటో ఈ వరసని మొదట 1986లో ‘గ్రేడియస్’ ఆటకోసం పెట్టుకున్నాడు, ఆయనకే ఆ ఆట కష్టమై పరీక్షించడం కుదరక. మన ఇళ్లలో ఇది వరస తప్పడానికి కారణం తరచూ టర్బో బటన్లే. పై వరసలో ఉన్న టర్బో బి, టర్బో ఏ నొక్కితే ఒక్క నొక్కుకి నాలుగైదుసార్లు నొక్కినట్టు పోతుంది, వరస చెడుతుంది. కింది వరస బటన్లే వాడాలి. రెండో కారణం అరిగిపోయిన ప్లస్ బటన్: కిందికి నొక్కితే ఓరగా పక్కకి కూడా తగిలేస్తుంది. అప్పుడు బొటనవేలు కాకుండా చూపుడువేలితో అంచు మీద పొడవాలి.

అసలు సేవ్ మాత్రం ఎవరూ సేవ్ అని గుర్తించని చోట ఉండేది: ‘99999 ఇన్ 1’ క్యాసెట్ మెనూలో. అన్ని ఆటలు ఎక్కడివి? పట్టుమని పదో ఇరవయ్యో ఉంటాయి. మిగిలిన నంబర్లన్నీ అవే ఆటలు, కానీ వేరే స్టేజీ నుంచి, వేరే తుపాకీతో, ఎక్కువ లైఫ్‌లతో మొదలయ్యేవి. మోసమని అందరూ తిట్టారు గానీ కరెంటు కోతల ఊరికి అంత పనికొచ్చిన మోసం ఇంకోటి లేదు. ఐదో స్టేజీలో కరెంటు పోతే, తిరిగొచ్చాక ఐదో స్టేజీ నుంచి మొదలయ్యే కాంట్రా ఏ నంబరో తెలిస్తే చాలు. ఆ నంబర్లు రఫ్ నోటుబుక్కు చివరి పేజీలో, హోంవర్కు కన్నా శ్రద్ధగా రాసి ఉండేవి.

నిజంగా గుర్తుపెట్టుకునే క్యాసెట్ ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’. మన బజార్లలో అరుదు. లోపల బిళ్ల బ్యాటరీ ఒకటి ఉండి, ఆపేసినా చిన్న చిప్పుని మేల్కొలిపి ఉంచేది. దాన్ని ఆపడానికి ఒక పద్ధతుంది: రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ ఆపాలి. వోల్టులు దిగజారే ఆ క్షణంలో ప్రాసెసర్ మతిపోయి జ్ఞాపకం మీద పిచ్చిరాతలు రాయొచ్చు. రీసెట్ పట్టుకుంటే దాని చేతులు కట్టేసినట్టు. అమెరికాలో అది జాగ్రత్త. చెప్పకుండా కరెంటు పోయే చోట ఆ జాగ్రత్తకి అర్థమే లేదు, రీసెట్ నొక్కడానికి ముందు కబురు ఎవడిస్తాడు?

తర్వాతి మెట్టు కంప్యూటర్ సెంటర్లు. విండోస్‌కి ముందు పీసీలని నడిపిన డాస్, ఇంకా లోటస్, డీబేస్ నేర్పే ఏసీ గది, బయట చెప్పులు విడవాలి, లోపల నాలుగైదు పీసీలు. నేర్పే గంట అయిపోయాక మిగిలిన పది నిమిషాల్లో ఆ గదిలో ఇద్దరే హీరోలు, ‘డేంజరస్ డేవ్’, ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. డేవ్‌కి సేవ్ లేదు, 10 లెవెళ్లు ఒకే కూర్చోవడంలో. ప్రిన్స్ సంగతే చెప్పాలి.

జోర్డాన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 కోసం తీసిన ఆట, 1990లో డాస్‌కి వచ్చింది. తమ్ముడు పరుగెత్తుతుంటే, గెంతుతుంటే వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ గీసి ఆ నడక రాబట్టాడు. అందుకే ప్రిన్స్ మన మాట వెంటనే వినడు. పరుగెడుతున్నవాడు ఆగడానికి రెండడుగులు తీసుకుంటాడు. మారియో అలవాటున్న చేతులు మొదటి రోజంతా గుంతల్లోకే. మందు షిఫ్ట్ మీట. షిఫ్ట్ పట్టుకుని దిశ మీట నొక్కితే ఒక్క జాగ్రత్త అడుగు, అంచు దగ్గర అయితే అంచు మీదకి వచ్చి ఆగుతాడు. కోరల్లాంటి కత్తెర తలుపుకి ముందు కూడా ఇలాగే ఒక్కో అడుగు జరిగి, తెరుచుకున్న క్షణాన దాటాలి. పడినప్పుడు లెక్క ఇది: ఒక అంతస్తు పడితే ఏమీ కాదు, రెండు పడితే తెర అడుగున ప్రాణం లెక్క చూపే త్రికోణాల్లో ఒకటి పోతుంది, మూడు పడితే మనిషే. కత్తి తీసుకోకుండా మొదటి కాపలావాడి ముందుకెళ్తే ఒక్క వేటు. మూడో లెవెల్లో అస్థిపంజరాన్ని ఎంత పొడిచినా చావదు, అంచుదాకా నెట్టుకెళ్లి పడేయాలి. నాలుగో లెవెల్లో గుమ్మం తెరిచాక దారికి అడ్డంగా అద్దం వస్తుంది. పరుగెత్తి గెంతి దానిలోంచే దూకాలి, ఒక్క త్రికోణం మిగులుతుంది. దాన్ని చూసి వెనక్కి తిరిగి వేరే దారి వెతికినవాళ్లు వారాల తరబడి వెతికారు.

మొదటి లెవెల్ అవగానే గోడ మీద అక్షరాలు, కింద సీసాలు ఉన్న గది. ఆట పుస్తకంలో ఫలానా పేజీలో ఫలానా వరసలో ఫలానా మాట మొదటి అక్షరం ఏదో, ఆ సీసా తాగాలి. తప్పితే చావు. నకలు ఫ్లాపీతో వచ్చినవాడికి పుస్తకం ఎక్కడిది? ఊరూరా తిరిగిన జిరాక్సు కాయితం ఉంటే గట్టెక్కాడు, లేదా ఆ గదిని పీకేసిన కాపీ దొరకాలి.

మొత్తం ఆటకి 60 నిమిషాలు. చనిపోతే లెవెల్ మొదటికి వస్తారు గానీ గడియారం వెనక్కి రాదు. కంట్రోల్ పట్టుకుని జి కొడితే సేవ్, అది కూడా మూడో లెవెల్ నుంచే. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతిన్నారు. లెవెల్ మధ్యలో, ముగ్గుర్ని చంపి, ఆరు గుమ్మాలు తెరిచి, అలిసి సేవ్ కొట్టేవారు. తెరిచాక చూస్తే లెవెల్ మొదట్లో నిలబెట్టేది. ఆ ఆట దాచుకునేది నాలుగే నాలుగు అంకెలు: మిగిలిన నిమిషాలు, నిమిషంలో మిగిలిన భాగం, లెవెలు నంబరు, లెవెల్ మొదట్లో ఉన్న త్రికోణాల లెక్క. గుమ్మాలు, శవాలు దానికి పట్టవు. అంటే మధ్యలో సేవ్ కొడితే ఖర్చయిన నిమిషాలు మాత్రం ఖర్చయినట్టే రాసుకుంటుంది, చేసిన పని మాత్రం రాసుకోదు. వడ్డీ వ్యాపారి పుస్తకం! కాబట్టి సేవ్ కొట్టాల్సింది కొత్త లెవెల్లో కాలు పెట్టిన మరుక్షణం. ఆ లెవెల్ బాగా సాగకపోతే టైటిల్ తెరకి వెళ్లి కంట్రోల్, ఎల్ కొట్టి పోయిన నిమిషాల్ని కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇది తెలిసినవాడే 12 లెవెళ్లు దాటి ఆఖరి శత్రువు జాఫర్ దాకా వెళ్లాడు. షిఫ్ట్, ఎల్ కొట్టి లెవెళ్లు దాటేయొచ్చని కనిపెట్టినవాళ్లూ ఉన్నారు. నాలుగో లెవెల్ దాకా పోనిస్తుంది గానీ గడియారాన్ని 15 నిమిషాలకి కోసేస్తుంది. పూర్తి దొంగదారి కావాలంటే ఆట మొదలెట్టేటప్పుడే ప్రిన్స్ పక్కన మెగాహిట్ అని టైపు చేయాలి. కొత్త కాపీల్లో ఆ మాట మారి ఇంప్రూవ్డ్ అయింది, అందుకే పక్క సెంటర్లో పనిచేసింది మన సెంటర్లో పనిచేయలేదని తగువులు.

సేవ్ ఫైలు ఒక్కటే, ప్రిన్స్ డాట్ ఎస్ఏవి. పొద్దుటి బ్యాచ్ వాడు ఎనిమిదో లెవెల్లో దాచుకున్నది సాయంత్రం బ్యాచ్ వాడు మూడో లెవెల్లో కంట్రోల్ జి కొట్టగానే గోవిందా. డాస్ నేర్చుకున్నందుకు ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు: ఆట మూసి, కాపీ కమాండుతో ఆ ఫైలుని బ్యాచ్1 డాట్ ఎస్ఏవి అని ఇంకో పేరు మీద పెట్టుకోవడం, రేపు ఆడేముందు దాన్నే మళ్లీ ప్రిన్స్ పేరు మీదకి కాపీ చేయడం. కాపీ కమాండుని మాస్టారి కన్నా ప్రిన్సే ఎక్కువమందికి నేర్పాడు. ఇంట్లోనో స్నేహితుల దగ్గరో ఫ్లాపీ మీద నుంచే ఆడితే ఇంకో చిక్కు. వైరస్ భయానికి ఫ్లాపీకి రాత అడ్డం పెట్టేవారు: పాత 5.25 అంగుళాల దానికి పక్క గాటు మీద టేపు అంటిస్తే అడ్డం, 3.5 అంగుళాల దానికి చిన్న కిటికీ తెరిస్తే అడ్డం. అడ్డం ఉన్న ఫ్లాపీ మీద సేవ్ పడదు. టేపు పీకితే వైరస్, ఉంచితే మొదటి లెవెల్.

ప్లేస్టేషన్ (జపానులో డిసెంబరు 1994) మన ఊళ్లలో సొంతానికి కన్నా షాపుకే ముందు వచ్చింది. పరదా కట్టిన గది, మూడు టీవీలు, గంట లెక్క. జ్ఞాపకం మొదటిసారి జేబులో పట్టే వస్తువైంది. అగ్గిపెట్టె కన్నా కాస్త వెడల్పు మెమరీ కార్డు, 128 కిలోబైట్లు, 15 గళ్లు. లోపల బ్యాటరీ లేదు కాబట్టి ఎన్నాళ్లున్నా చెరగదు. షాపు కార్డు మీద దాచినది ఎవడో తుడిచేస్తాడు. అందుకే ఇంట్లో ప్లేస్టేషన్ లేకపోయినా కార్డు మాత్రం సొంతంగా కొనుక్కుని, చొక్కా జేబులో పెట్టుకుని వచ్చే కుర్రాళ్లుండేవారు. బటన్ నొక్కితే పేజీ మారి ఇంకో 15 గళ్లు వస్తాయని అమ్మిన చవకరకం కార్డులని నమ్మొద్దు. ఆట నడుస్తుండగా ఆ బటన్ తగిలితే ఆట ఒక పేజీ చదివి ఇంకో పేజీ మీద రాస్తుంది, రెండూ పాడు.

బల్ల మీద ప్లేస్టేషన్ తలకిందులుగా కనిపించేది ఎందుకంటే, తొలి మోడళ్లలో లేజరు ప్లాస్టిక్ పట్టాల మీద జరిగేది. పక్కనే పవర్ సప్లై వేడి. రోజుకి పన్నెండు గంటలు ఆడితే పట్టా అరిగి లేజరు ఒరిగిపోయేది. సినిమా ముక్కలు ఆగి ఆగి రావడం దాని మొదటి లక్షణం. తలకిందులు చేస్తే బరువు రెండోవైపు పడి కొన్నాళ్లు సర్దుకునేది. దాని పైన పుస్తకాలు పేర్చి, అడుగున గుడ్డ పరిచి వేడి పోయే కన్నాలు మూసేస్తే ఆ కొన్నాళ్లూ ఉండవు.

‘టూంబ్ రైడర్’ (1996) పీసీ మీద ఎక్కడైనా సేవ్ అవుతుంది. ప్లేస్టేషన్ మీద అలా కాదు, గాలిలో తిరిగే నీలం స్ఫటికం దగ్గరే, ఒక స్ఫటికానికి ఒక్కసారే. కనిపించగానే వాడేయడం తెలివితక్కువ. ముందు చుట్టుపక్కల తుపాకీ గుళ్లు, మందుపెట్టెలు ఏరుకుని, రాబోయే గెంతు చూసి, అప్పుడు వెనక్కి వచ్చి వాడాలి. గెంతులకి కూడా లెక్కుంది, ఆట నాయిక లారా లోకమంతా గళ్ల మీద కట్టిందే. నిలబడి గెంతితే ఒక గడి దాటుతుంది, అంచు పట్టుకుంటే రెండు. పరుగెత్తి గెంతితే రెండు, అంచు పట్టుకుంటే మూడు. పరుగు గెంతుకి పద్ధతి: మెల్లగా నడిచి అంచు మీద ఆగాలి, వెనక్కి ఒక్క గెంతు, అక్కడినుంచి ముందుకి పరుగెత్తుతూనే గెంతు బటన్ నొక్కి పట్టుకోవాలి. కంటితో అంచనా వేసి గెంతినవాళ్లు గుహలన్నీ ఎముకలతో నింపారు.

‘మెటల్ గేర్ సాలిడ్’ (1998) మన నకలు డిస్కుల మీద పెద్ద నవ్వు నవ్వింది. మెరిల్ అనే పాత్రకి రేడియోలో ఫోన్ చేయాలి, ఫ్రీక్వెన్సీ సీడీ పెట్టె వెనక ఉంది చూసుకో అంటుంది ఆట. సామాన్ల సంచీలో ఎక్కడా దొరకదు, ఎందుకంటే అది నిజంగానే దుకాణంలో అమ్మే పెట్టె వెనక అచ్చేసిన బొమ్మలో ఉంది. మన డిస్కు వచ్చింది పలచటి ప్లాస్టిక్ కవర్లో. 140.15 అనే అంకె చేతులు మారి మారి వచ్చేదాకా ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ తిప్పుకుంటూ కూర్చున్నారు. మనసులు చదివే శత్రువు సైకో మాంటిస్ మెమరీ కార్డు చదివి నువ్వు ఫలానా కోనామి ఆట ఆడావని చెబితే షాపులో దెయ్యం పట్టిందన్నారు. వాడి మీద గుళ్లు పారాలంటే రిమోట్ వైరు పీకి రెండో రంధ్రంలో గుచ్చాలి. రెండో రంధ్రం పాడైన షాపుల్లో మాంటిస్ చాలాకాలం గెలిచాడు.

ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్లు, ‘వైస్ సిటీ’. పీసీకి వచ్చింది 2003 మేలో, రెండు సీడీల మీద: ఒకటి ఎక్కించడానికి, రెండోది ఆడేటప్పుడు లోపల ఉంచడానికి. మన దగ్గర తిరిగిన కాపీల్లో చాలావాటికి రేడియో పాటలు, మనుషుల మాటలు కత్తిరించేసి ఉండేవి, ఒక్క సీడీలో పట్టాలి కదా. ఆట హీరో టామీ వెర్సెట్టి నోరు కదిపేవాడు, శబ్దం లేదు. సగం ఊరికి ఆ కథ ఏమిటో తెలియకుండానే ఆట అయిపోయింది. గులాబీరంగు క్యాసెట్ బొమ్మ దగ్గరికి, అంటే మొదట్లో ఓషన్ వ్యూ హోటల్‌కి, వెళ్తేనే సేవ్. 8 గళ్లు. సెంటర్‌కి వచ్చే కుర్రాళ్లు ఎనభైమంది. గంటకి 10 రూపాయలో 15 రూపాయలో ఇచ్చి సంపాదించిన గడి రేపటికి ఉండదు. కొన్ని సెంటర్లలో కంప్యూటరు రీస్టార్ట్ చేయగానే అంతా పాతస్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసేవారు. అక్కడ కరెంటు పోతే గడీ లేదు, ఆటా లేదు. ఉపాయం పాతదే. మై డాక్యుమెంట్స్‌లో వైస్ సిటీ యూజర్ ఫైల్స్ ఫోల్డరు తెరిచి, ఎస్ఎఫ్1 నుంచి ఎస్ఎఫ్8 దాకా అంకెలతో ముగిసే ఫైళ్లలో మనది ఫ్లాపీలోకి తీసుకోవడం. ఒక్కోటి దాదాపు 200 కిలోబైట్లు, ఒక ఫ్లాపీకి ఏడు పడతాయి.

ఆ గళ్లలో విషం కూడా ఉండేది. జనమంతా ఒకరినొకరు కొట్టుకునేలా చేసే చీట్ కోడు ‘ఫైట్’ అని మూడుసార్లు టైపు చేస్తే వస్తుంది, మళ్లీ పోదు. అది కొట్టి ఎవడైనా సేవ్ చేశాడా, ఆ గడి తెరిచిన ప్రతివాడికీ వీధిలో ఎప్పుడూ కొట్లాటే.

రిమోట్ హెలికాప్టర్ మిషన్ దగ్గర మానేసినవాళ్లు కోకొల్లలు. ఎవెరీ క్యారింగ్టన్ ఇచ్చే పని, కడుతున్న మేడలో నాలుగు బాంబులు పెట్టాలి. ఎగరడం నంబర్ ప్యాడ్ మీద, సెంటర్ కీబోర్డులో ఆ వరసే చచ్చి ఉంటుంది. ముందు కంట్రోల్స్ మెనూలో వాటిని బతికున్న మీటల మీదకి మార్చుకోవాలి. రెండోది, గడియారం హెలికాప్టర్ లేచినప్పుడు కాదు, మొదటి బాంబు ఎత్తినప్పుడు మొదలవుతుంది. అందుకని వట్టి చేతులతో లోపలికెళ్లి, రెక్కలతో కూలీల్ని, కాపలావాళ్లని తప్పించి, మెట్లు ఎటున్నాయో చూసుకుని, అప్పుడు మొదటి బాంబు పై అంతస్తుకి. తొందరపడి బాంబుతోనే దారి వెతికితే సమయం మెట్ల మీదే అయిపోతుంది.

అటక మీద ఆ సామానుంటే, హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపాన్ల తడి తిన్నదైతే మరీ, నేరుగా ప్లగ్గులో గుచ్చకండి. డబ్బా విప్పి, పలక మీద తెల్లటి ఉప్పుపొర, చిలుము ఉంటే స్పిరిట్‌తో తుడిచి రెండు రోజులు ఎండ తగలని చోట ఆరబెట్టాలి. కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే అవి మార్చాకే కరెంటు. బ్యాటరీ ఉన్న క్యాసెట్‌లో సీఆర్2032 బిళ్ల మారిస్తే పాత సేవ్ చెరుగుతుంది. చెరగకూడదంటే పాతది తీయడానికి ముందే పక్కన ఇంకో 3 వోల్టుల జత, పాజిటివ్‌కి పాజిటివ్ పట్టేలా వైర్లతో తగిలించి ఉంచి, అప్పుడు మార్చి, ఆ తర్వాత జత తీసేయాలి.

ఫ్లాపీ దొరికితే యూఎస్‌బీ డ్రైవులో పెట్టి, అన్నిటికన్నా ముందు ప్రిన్స్ సేవ్ ఉన్న ఆ ఎస్ఏవి ఫైలు కాపీ చేయండి. ఉన్నది 8 బైట్లే, రెండేసి బైట్ల జతలు నాలుగు. ఫైల్లోని బైట్లని అంకెలుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి జత మిగిలిన నిమిషాలు, మూడోది లెవెలు, నాలుగోది త్రికోణాలు. పాత డాస్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లో నడిపే డాస్‌బాక్స్‌లో ఆట ఎక్కించి, ఫైలుని ప్రిన్స్ పేరుతో అదే ఫోల్డరులో పెట్టి, టైటిల్ తెర మీద కంట్రోల్, ఎల్ కొట్టండి. స్పేస్ నొక్కితే ఎన్ని నిమిషాలున్నాయో కింద చూపిస్తుంది.